పగటిపూట స్టీరింగ్ మీద తూగొస్తోందా? లారీ, బస్సు, క్యాబ్ డ్రైవర్లు చేయాల్సిన పనులు

నిద్రమత్తు ప్రమాదాలు అనగానే అందరికీ తెల్లవారుజామే గుర్తొస్తుంది. రాత్రి 2 నుంచి 6 మధ్య ఒంట్లో మెలకువ బాగా పడిపోతుంది, నిజమే. కానీ రోజులో రెండో గండం మధ్యాహ్నం 1 నుంచి 4 దాకా ఉంటుంది. రాత్రంతా బండి తోలి, పొద్దున అన్‌లోడింగ్ దగ్గర నిలబడి, పన్నెండింటికి అన్నం తిని మళ్లీ స్టీరింగ్ పట్టిన డ్రైవరుకి ఆ మూడు గంటలే చాలా ప్రమాదం. కళ్లు తెరిచే ఉంటాయి, మెదడు మాత్రం కొన్ని సెకన్లు నిద్రలోకి జారిపోయి వస్తుంది. చాలాసార్లు ఆ సంగతి డ్రైవరుకే తెలియదు.

80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్ల కునుకంటే దాదాపు 90 మీటర్లు బండిని ఎవరూ నడపడం లేదన్నమాట. అందుకే ఇలాంటి ప్రమాదాల్లో రోడ్డు మీద బ్రేకు గీతలు కనిపించవు. ఆగి ఉన్న లారీని వెనక నుంచి నేరుగా గుద్దడమో, తిన్నగా ఉన్న రోడ్డులో డివైడర్ ఎక్కడమో జరుగుతుంది.

దీనికి మందు నిద్ర ఒక్కటే. ఇరవై ఏళ్ల అనుభవం ఉన్నా, ఎంత మొండివాడైనా, నిద్ర బాకీ పడ్డ మెదడు తన బాకీ తాను వసూలు చేసుకుంటుంది. వరుసగా 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి చురుకుదనం, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్న మనిషితో సమానమని పరీక్షల్లో తేలింది. మన దేశంలో చట్టం ఒప్పుకునే హద్దు 30 మిల్లీగ్రాములే. అంటే ఉదయం 5కి లేచిన మనిషి రాత్రి 10 దాటాక బండి నడిపితే, చుక్క ముట్టకపోయినా తాగి నడిపినట్టే.

గుర్తుపట్టడం ఎలా

ఆవలింత మొదటి గుర్తు. దానికే ఆపాలని ఏమీ లేదు గానీ, ఆపే చోటు వెతకడం అప్పుడే మొదలుపెట్టాలి. ఈ కిందివాటిలో ఒక్కటి జరిగినా ఇక ఆలోచించకుండా పక్కకి తీయాలి:

- గత నాలుగైదు కిలోమీటర్లు ఎలా వచ్చారో గుర్తులేకపోవడం. దాటిన ఊరు పేరు, పోయిన ఫ్లైఓవరు తట్టకపోవడం.
- టైరు రోడ్డు అంచు గీత మీదకో, రోడ్డులో మెరిసే బిళ్లల మీదకో ఎక్కి టకటక శబ్దం రావడం.
- మీకు తెలియకుండానే వేగం 70 నుంచి 55కి, మళ్లీ 75కి మారుతూ ఉండటం. గేరు ఆలస్యంగా పడటం.
- తల ఒక్కసారిగా వాలి ఉలిక్కిపడటం. ఇది చివరి హెచ్చరిక. అప్పటికే మీరు నిద్రపోయి లేచారు.

క్లీనర్ ఉంటే ఈ పని అతనికి అప్పగించండి. డ్రైవరు ముఖం చూసి చెప్పడం కష్టం, మాట విని చెప్పడం తేలిక. వచ్చే టోల్ ఎంత దూరమనో, డీజిల్ ఎక్కడ కొట్టిద్దామనో అడగాలి. జవాబు ఆలస్యంగా వచ్చినా, "ఊఁ" తో సరిపెట్టినా బండి ఆపించే అధికారం క్లీనర్‌కి ఉండాలి. ఆ మాట ట్రిప్పు మొదలయ్యే ముందే డ్రైవరు తన నోటితో చెప్పాలి. లేకపోతే పద్దెనిమిదేళ్ల కుర్రాడు "అన్నా, ఆపు" అని అడగడానికి జంకుతాడు.

ఆపాక ఏం చేయాలి

రోడ్డు పక్క మార్జిన్‌లో ఆపి పడుకోకండి. వెనక నుంచి ఇంకో డ్రైవరు అదే మత్తులో వస్తుంటాడు. ట్రక్ లే-బై (హైవే పక్కన లారీలు ఆపుకోవడానికి విడిచిన చోటు), పెట్రోల్ బంకు, ధాబా ఆవరణ, టోల్ ప్లాజా దాటాక ఉండే పార్కింగు, ఇవీ చోట్లు. హైవేలో ఇబ్బంది వస్తే 1033కి ఫోన్ చేయవచ్చు.

చాలామంది డ్రైవర్లు ఆపకపోవడానికి అసలు కారణం మొండితనం కాదు, దొంగల భయం. డీజిలు తీస్తారని, పట్టా కోసి సరుకు లాగుతారని. దానికి ఉపాయాలున్నాయి. దీపాలు, సీసీ కెమెరా ఉన్న బంకులో, ఆఫీసు గదికి ఎదురుగా ఆపాలి. డీజిల్ ట్యాంకు ఉన్న వైపు గోడకో, ఇంకో లారీకో దగ్గరగా, మనిషి పట్టనంత సందులో పెట్టాలి. ట్యాంకు మూతకి తాళం ఉండాలి. బంకు కుర్రాడికి చెప్పి పడుకోవాలి. వారం వారం తిరిగే దారిలో ఇలాంటి చోట్లు నాలుగైదు ముందే ఎంచి పెట్టుకుంటే, మత్తులో వెతుక్కునే పని ఉండదు.

ఇక కునుకు. ఇంజను ఆపేయండి. హ్యాండ్ బ్రేకు వేసి, చక్రం కింద చెక్క పెట్టి, రెండు వైపులా అద్దం రెండంగుళాలు దించండి. ఇంజను ఆన్ చేసి, ఏసీ పెట్టుకుని, అద్దాలు బిగించి పడుకోవద్దు. సైలెన్సర్ పైపు ఎక్కడైనా పగిలి ఉంటే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి వస్తుంది. దానికి రంగూ వాసనా ఉండవు. తలనొప్పీ మగతా వచ్చి, మనిషి నిద్రలోనే పోతాడు.

పడుకునే ముందు గట్టి కాఫీ తాగండి. కెఫీన్ రక్తంలోకి చేరి పనిచేయడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఈలోగా కునుకు పూర్తవుతుంది, లేచేసరికి రెండూ కలిసి పనిచేస్తాయి. కావలసింది 150 నుంచి 200 మిల్లీగ్రాముల కెఫీన్. గట్టి ఫిల్టర్ కాఫీ రెండు కప్పులు, లేదా మూడు చెంచాల ఇన్‌స్టంట్ పొడితో కలిపిన కాఫీ దాదాపు ఆ లెక్కకి వస్తాయి. ధాబా చిన్న గ్లాసు టీలో ఉండేది 20, 30 మిల్లీగ్రాములే. ఆ లెక్కన ఆరేడు టీలు తాగాలి, ఒంట్లోకి పోయేది ఎక్కువగా చక్కెరే. 250 మిల్లీలీటర్ల ఎనర్జీ డ్రింకులో కెఫీన్ సుమారు 75 మిల్లీగ్రాములు ఉంటుంది, దానికీ చక్కెర గొడవ ఉంది. మొత్తం మీద రోజుకి 400 మిల్లీగ్రాములు దాటకూడదు. గుండెదడ, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా ఈ పద్ధతి పట్టుకోవద్దు. కునుకు సంగతి వేరు, ఆ రోజు అసలు నిద్రకి మాత్రం ఆరు గంటల ముందు నుంచి కాఫీ, టీ మానేయాలి.

ఫోన్‌లో 25 నిమిషాలకి అలారం పెట్టండి. నిద్ర పట్టడానికి ఐదు, నిద్ర ఇరవై. ఇంతకంటే సాగితే మెదడు గాఢనిద్రలోకి దిగుతుంది. నలభై నిమిషాలకో గంటకో లేచినప్పుడు తల దిమ్ముగా, ఒళ్లు బరువుగా ఉండేది అందుకే. "పడుకుంటే ఇంకా మత్తెక్కుతుంది" అని డ్రైవర్లు అనే మాట ఇక్కడి నుంచే పుట్టింది. తప్పు కునుకుది కాదు, దాని కొలతది. బాకీ ఎక్కువగా ఉందనిపిస్తే, ముందు రాత్రి నాలుగు గంటలు కూడా పడుకోలేదంటే, ఇరవై నిమిషాలు చాలవు. గంటన్నరో, వీలైతే మూడు గంటలో వెనక బెర్తు మీద ఒళ్లు చాచి పడుకోవాలి.

లేచిన వెంటనే స్టార్ట్ చేయవద్దు. దిమ్ము పూర్తిగా వదలడానికి పావుగంట కావాలి, ఎక్కువసేపు పడుకుంటే అరగంట. ఆ సమయాన్ని బండి చుట్టూ తిరగడానికి వాడండి. రాడ్ తీసుకుని ఒక్కో టైరునూ కొట్టి చూడాలి. గాలి ఉన్న టైరు ఖంగుమంటుంది, తగ్గినది మొద్దుగా పలుకుతుంది. తాళ్లు లాగి చూడాలి, పట్టా కొసలు సర్దాలి, వెనక రిఫ్లెక్టర్ టేపు మీద దుమ్ము తుడవాలి. వెనక లోపలి జత చక్రాల శబ్దంలో తేడా చెవికి స్పష్టంగా తెలియలేదంటే మీరింకా పూర్తిగా లేవలేదు. ఇంకో రౌండు వేయండి.

వేసవి సంగతి వేరుగా చెప్పాలి. మే నెల మధ్యాహ్నం రెండింటికి ఏసీ లేని క్యాబిన్‌లో నిద్ర కుదరదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్లకి ఏసీ తప్పనిసరి చేశారు గానీ, రోడ్డు మీదున్న పాత బండ్లకి అది లేదు. అలాంటప్పుడు ధాబా నులక మంచమే మేలు. చెట్టు నీడ, తడి తువ్వాలు, బ్యాటరీ ఫ్యాను ఉంటే సరిపోతుంది. లారీ కింద నీడ బాగుందని చక్రాల మధ్య పడుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కింద మనిషి ఉన్నాడని తెలియక బండి కదిపితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

పనిచేయనివి

అద్దం దించి గాలి పెట్టుకోవడం, పాటలు గట్టిగా పెట్టడం, పచ్చిమిరపకాయ కొరకడం, కళ్ల కింద బామ్ రాసుకోవడం, గుట్కా, ఖైనీ. ఇవన్నీ కొద్ది నిమిషాలే నిలబెడతాయి. ఆ తరువాత మత్తు అంతే ఉంటుంది, పైగా "ఇప్పుడు బాగుంది" అనే ధీమా వచ్చి ఇంకో ముప్పై కిలోమీటర్లు లాగిస్తారు. పోలీసులు రాత్రిళ్లు హైవే మీద బండ్లు ఆపించి ముఖం కడుక్కోమంటున్నారు. మంచి పనే, డ్రైవరు సీట్లోంచి దిగడానికి అదొక కారణం. కానీ దిగిన ఆ అవకాశాన్ని కునుకుకి వాడుకోవాలి. కడుక్కున్న నీళ్లు ఆరేలోపే నిద్ర మళ్లీ వస్తుంది.

క్యాబ్ డ్రైవర్లు ఏసీలో ఒక బటన్ గమనించాలి. లోపలి గాలినే తిప్పే మీట ఎప్పుడూ వేసి ఉంచితే, నలుగురు కూర్చున్న కారులో వదిలిన ఊపిరి పేరుకుని తల బరువెక్కుతుంది. గంటకోసారి పది నిమిషాలు బయటి గాలి వచ్చేలా మార్చండి.

మధ్యాహ్నం తూగు అన్నం వల్లే వస్తుందని చాలామంది తిండి మానేస్తారు. తినకపోయినా ఆ సమయానికి మెలకువ తగ్గుతుంది, అది ఒంటి గడియారం లెక్క. అయితే పెద్ద కంచం అన్నం, పైన బిర్యానీ నూనె ఆ మత్తుని పెంచుతాయి. అన్నం సగం చేసి పప్పు, గుడ్డు, కూర పెంచుకోండి. మిగతా సగం సాయంత్రం ఐదింటికి తినండి. మూత్రానికి ఆపాల్సి వస్తుందని నీళ్లు మానేయడం ఇంకో పొరపాటు. నీరు తగ్గితే చురుకుదనం తగ్గుతుంది. ఆపాల్సి రావడం కూడా మంచికే.

ట్రిప్పులో నిద్రకి చోటు

బయల్దేరే ముందు డీజిల్ ఎంత కావాలో లెక్క కట్టినట్టే నిద్ర ఎంత కావాలో కట్టాలి. కొలబద్ద కొత్తగా కనిపెట్టక్కర్లేదు. 2025 నవంబరు దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టంలోనే ఉండేది: రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటల పని, ఏకబిగిన 5 గంటలు దాటకుండా కనీసం అరగంట విరామం, ఒక డ్యూటీ ముగిశాక రెండోది మొదలయ్యేలోపు 9 గంటల విశ్రాంతి. మా సలహా దీనికంటే ఒక మెట్టు పైన: రెండు, రెండున్నర గంటలకోసారి పదిహేను నిమిషాలు దిగాలి.

విశాఖపట్నం నుంచి హైదరాబాద్ సుమారు 620 కిలోమీటర్లు. లోడు లారీకి సగటు 40 వేసుకుంటే పదిహేనున్నర గంటలు స్టీరింగే. ఒక్క డ్రైవరుకి ఇది రెండు రోజుల పని, ఒక రాత్రి పని కాదు. ఉదయం 5కి విశాఖలో కదిలితే 7:30కి పావుగంట, 10 దాటాక అరగంట ఆగాలి. 12:30 నుంచి 3 దాకా రాజమండ్రి దాటాక తిండి, కునుకు. మిగతా దూరం లాగి సాయంత్రానికల్లా ఏలూరు, హనుమాన్ జంక్షన్ ప్రాంతంలో ఆగిపోవాలి. అక్కడికి సగం దూరం అవుతుంది. రాత్రి తిని తొమ్మిదింటికి పడుకుంటే తెల్లవారి 5 దాకా నిద్ర. రెండో రోజు అదే కొలత. నగరంలోకి పగటిపూట భారీ వాహనాలను రానివ్వరు కాబట్టి శివార్లలో ఎలాగూ నిలబడాలి. ఆ గంటలు ఫోన్ చూస్తూ గడిపితే పోయినట్టే, పడుకుంటే దక్కినట్టే.

లోడింగ్ దగ్గర నిలబడ్డ సమయాన్ని విశ్రాంతి కింద రాసుకోవద్దు. పిలుపు ఎప్పుడొస్తుందోనని కూర్చున్న ఆరు గంటల్లో అరగంట నిద్ర కూడా ఉండదు. రాత్రి పదింటి నుంచి లోడ్ అయ్యి తెల్లవారి నాలుగింటికి బండి చేతికొస్తే, అప్పటికే డ్యూటీ ఆరు గంటలు గడిచినట్టు. ముందు పడుకుని తరువాత కదలాలి.

రాత్రి బస్సు నడిపేవాళ్ల పగటి నిద్ర

హైదరాబాద్–బెంగళూరు సర్వీసు పొద్దున ఆరేడింటికి చేర్చి, మళ్లీ రాత్రి అదే బండి ఎక్కే డ్రైవరుకి పగలే రాత్రి. ఉదయం ఎండ కళ్లలో పడితే మెదడు "తెల్లారింది" అనుకుంటుంది. బండి అప్పజెప్పాక గదికి వెళ్లేటప్పుడు నల్ల కళ్లద్దాలు పెట్టుకోండి, డ్రైవింగు చేస్తూ మాత్రం కాదు. తేలిగ్గా రెండు ఇడ్లీలు తిని, కాఫీ లేకుండా, ఎనిమిదిలోపు పడుకోవాలి. కిటికీకి నల్లగుడ్డ, కళ్లకి గంత, చెవుల్లో దూది, ఫోన్ సైలెంట్. పగటి నిద్ర సహజంగా ఐదు గంటలకే తెగిపోతుంది. దానితో సరిపెట్టుకోకుండా, డ్యూటీకి ముందు సాయంత్రం ఇంకో గంటన్నర పడుకుని మొత్తం ఏడు గంటలకి దగ్గరగా తీసుకురావాలి.

రెండో డ్రైవరు ఉన్న బస్సుల్లో అతను బెర్తు మీదే పడుకోవాలి. కొన్ని బస్సుల్లో సామాన్ల డిక్కీలో పడుకుంటున్నారు. గాలి ఉండదు, వేడి, పొగ, ప్రమాదం జరిగితే బయటికి దారి లేదు. యజమాని ఒక సీటు అమ్ముకోవడం కోసం చేయిస్తున్న పని ఇది. దీన్ని ఏ డ్రైవరూ ఒప్పుకోకూడదు.

యజమానులకి రెండు మాటలు. పడుకున్న డ్రైవరుకి "ఎక్కడున్నావ్" అని ఫోన్ చేయకండి, బండి ఆగి ఉందో లేదో జీపీఎస్‌లో కనిపిస్తుంది. తొందరగా చేర్చినందుకు అదనపు బత్తా ఇవ్వడం ఆపండి. ఆ డబ్బుతో మీరు కొంటున్నది అతని నిద్రే.

మందులు

జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్, అలర్జీకి వాడే సెటిరిజిన్, అవిల్, చాలా దగ్గు మందులు, వాంతుల బిళ్లలు నిద్ర తెస్తాయి. రాత్రి వేసుకున్నా కొన్నిటి మత్తు మర్నాడు మధ్యాహ్నం దాకా ఉంటుంది. మందుల షాపులో "నేను డ్రైవర్ని, మత్తు రాని మాత్ర ఇవ్వండి" అని అడగండి. అలర్జీకి ఫెక్సోఫెనడిన్ లాంటివి చాలావరకు మత్తు ఇవ్వవు. కొత్త మందు ఏదైనా సెలవు రోజున వేసుకుని చూడాలి. నిద్ర కోసం ఆల్ప్రజోలం సొంతంగా కొని వేసుకోవద్దు.

షుగరుకి ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ రకం మాత్రలు గానీ వాడేవాళ్లకి తూగు, చెమట, వణుకు, చూపు మసక కలిసి వస్తే అది నిద్ర కాకపోవచ్చు. చక్కెర పడిపోయి ఉంటుంది. బండి ఆపి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలకి పరీక్షించుకోవాలి. తేరుకున్నాక కూడా ముప్పావుగంట స్టీరింగ్ ముట్టవద్దు.

ఎంత పడుకున్నా తీరకపోతే

వారం రోజుల పాటు రోజూ ఏడెనిమిది గంటలు పడుకున్నా పగలు తూగుతున్నారంటే అది బాకీ కాదు, జబ్బు. ఎక్కువగా కనిపించేది స్లీప్ అప్నియా. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతుంది. ఆక్సిజన్ తగ్గి మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. ముదిరితే ఇది గంటకి 30 సార్లకి పైగా జరుగుతుంది. పడుకున్నవాడికి తెలియదు, పక్కన పడుకున్నవాళ్లకి తెలుస్తుంది. ఇలాంటి డ్రైవర్లకి ప్రమాదం జరిగే అవకాశం మిగతావాళ్లకంటే రెండు రెట్లకి పైగానే ఉన్నట్టు అధ్యయనాలు చెబుతున్నాయి.

ఇంట్లోనే లెక్క చూసుకోవచ్చు. తలుపు వేసినా వినిపించే గురక, పగటి అలసట, నిద్రలో ఊపిరి ఆగిందని ఇంట్లోవాళ్లు చెప్పడం, బీపీ, లావు, 50 దాటిన వయసు, 40 సెంటీమీటర్లు దాటిన మెడ చుట్టుకొలత, మగవారు కావడం. ఒక్కోదానికి ఒక మార్కు. మూడు వస్తే డాక్టరును కలవాలి, ఐదు వస్తే ఆలస్యం చేయవద్దు. మెడను టైలరు టేపుతో, గొంతు ముడి కింద కొలవండి. మనవాళ్లలో సన్నగా ఉన్నవాళ్లకి కూడా ఈ జబ్బు వస్తుంది కాబట్టి లావు లేదని కొట్టిపారేయవద్దు. పొద్దున తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి రెండుమూడు సార్లు మూత్రానికి లేవడం కూడా దీని గుర్తులే. గురకను ఇంట్లోవాళ్ల చేత ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో తీయించి పట్టుకెళ్లండి. డాక్టరుకి అది చాలా పనికొస్తుంది.

వెళ్లాల్సింది ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి గానీ, చెవి ముక్కు గొంతు డాక్టరు దగ్గరికి గానీ. నిద్ర పరీక్ష ఒక రాత్రి ఆసుపత్రిలో, లేదా చిన్న యంత్రంతో ఇంట్లోనే చేస్తారు. గంటకి ఊపిరి ఆగడం, తగ్గడం 5 నుంచి 15 సార్లయితే తక్కువ స్థాయి, 15 నుంచి 30 మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. తీవ్రంగా ఉండి పగలు తూగు కూడా ఉంటే వైద్యం మొదలై మత్తు తగ్గేదాకా బండి నడపకూడదు. ఉద్యోగం పోతుందన్న భయంతో దాచేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఇది నయం కాక సీటు దిగిపోవాల్సిన జబ్బు కాదు. సీప్యాప్ అనే యంత్రం మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతును తెరిచి ఉంచుతుంది. సరిగ్గా వాడితే చాలామందికి కొద్ది రోజుల్లోనే పగటి తూగు తగ్గుతుంది. రాత్రికి కనీసం నాలుగు గంటలన్నది తక్కువలో తక్కువ, నిద్రపోయినంతసేపూ వాడటమే సరైనది. ఒక రాత్రి మానేసినా మర్నాడు మత్తు తిరిగొస్తుంది కాబట్టి ట్రిప్పుకి కూడా తీసుకెళ్లాలి.

క్యాబిన్‌లో వాడేటప్పుడు వోల్టేజి చూసుకోండి. లారీలో 24 వోల్టులు, కారులో 12 వోల్టులు ఉంటాయి. యంత్రం కంపెనీ ఇచ్చే డీసీ కన్వర్టరే పెట్టాలి, వేరే వైరు కలిపితే యంత్రం కాలిపోతుంది. గాలిని తడిపే నీళ్ల డబ్బా ఎక్కువ కరెంటు లాగుతుంది, బండి ఆపి ఉన్నప్పుడు దాన్ని తీసేసి వాడితే బ్యాటరీ తెల్లారేదాకా నిలుస్తుంది. హైవే దుమ్ముకి యంత్రం వెనకుండే ఫిల్టరు తొందరగా నల్లబడుతుంది. వారానికోసారి తీసి చూసి, మురికి పడితే మార్చండి. మాస్కుని రోజూ సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి.